ఒక్క ఆట గెలిచేదాకా

మా నాగాయలంక జట్టు ఓడిపోవాలని కోరుకున్నది ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే. ఈ మాట ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి. ఆదివారం మ్యాచ్ అంటే పొద్దున్నే లేచి పదకొండు మందికీ వండిపెట్టింది నేను, గీత పక్కన నిలబడి గొంతు చించుకున్నది నేను, రిఫరీ తప్పు ఈల ఊదితే వాడి ఏడు తరాలనీ తిట్టింది నేను. అలాంటిదాన్ని లోపల మాత్రం, ఓడిపోండర్రా నాయనా, అని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఎందుకో చెబుతాను.

చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళంతా కబడ్డీ, వాలీబాల్ ఆడుకుంటుంటే మావాళ్ళకి ఫుట్‌బాల్ పిచ్చి అంటించింది డ్రిల్లు మాస్టారు సుందరరాజు గారు. ఆయన క్రైస్తవులు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యి, ఎండ చల్లబడ్డాకే ఆట. మా కుర్రాళ్ళు పొద్దున వేట నుంచి వచ్చి, మధ్యాహ్నం నా వంట తిని, నాలుగింటికి మా ఇంటి వెనక వీధిలో ఉన్న గ్రౌండులో దిగేవాళ్ళు. గోల్ అంటే రెండు సరుగుడు కర్రలు, పైన అడ్డంగా ఒక వెదురు. వెనకాల కట్టిన వల మావాడు చేత్తో అల్లింది. జట్టు మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, పరమ దరిద్రం. అవనిగడ్డ వాళ్ళు వచ్చి నాలుగు కొట్టి వెళ్ళేవాళ్ళు. గుడివాడ వాళ్ళు ఆరు. బందరు వాళ్ళయితే ఎన్ని కొట్టారో మర్చిపోయి, నవ్వుకుంటూ ఆడేవాళ్ళు.

మావాడంటే నా కొడుకు యుగంధర్. గోల్‌కీపరు. వాడున్నప్పుడూ ఓడేవాళ్ళమే, కాకపోతే వాడి పుణ్యాన కాస్త తక్కువలో ఓడేవాళ్ళం. ఓడిన రోజు వాడికి చింతకాయ రొయ్యలు ఉండి తీరాలి. పచ్చి చింతకాయలు ఉడకబెట్టి, పిసికి, పీచు తీసేసి, ఆ గుజ్జులో తోకలు ఉంచి వొలిచిన రొయ్యలు వేసి దగ్గరికి వండితే, అన్నం గిన్నె ఖాళీ అయ్యేదాకా పీట మీంచి లేచేవాడు కాదు. తోకలు కంచం అంచున వరసగా పేర్చేవాడు. నీళ్ళు తాగి గ్లాసు బోర్లించాడంటే తిండి అయిపోయినట్టు. ఉప్పు చిటికెడు తగ్గినా ఊరుకునేవాడు కాదు. "ఉప్పేదే అమ్మా? సముద్రం పక్కన కాపురముంటూ ఉప్పుకి కరువా?" అని కంచం నెట్టేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. తింటే తిను లేకపోతే లేదు అని అరిచి, మళ్ళీ నేనే ఉప్పు డబ్బా తెచ్చి ఇచ్చేదాన్ని.

కిందటేడు కార్తీక మాసంలో వాడూ, మా అన్నయ్య కొడుకు గోపీ ఒకే బోటులో వేటకి వెళ్ళారు. ఇద్దరిలో గోపీ ఒక్కడే తిరిగొచ్చాడు. అల కొట్టి బోటు ఒరిగితే వల కాలికి చుట్టుకుని మావాడు జారిపోయాడట. బోటులో వాళ్ళు ఇంకా చెప్పారు, గోపీ మూడుసార్లు నీళ్ళలో దూకాడనీ, నాలుగోసారి దూకబోతే తాడేసి కట్టేశారనీ. నేను వినిపించుకోలేదు. రేవులోనే గోపీ చొక్కా పట్టుకుని, "నువ్వొక్కడివే ఎలా వచ్చావురా?" అని అడిగాను. వాడు తలెత్తలేదు. నా కూతురు మాధవికీ వాడికీ అంతకుముందే పెళ్ళి ఖాయమైంది గనక మాట తప్పలేక చేశాను. అల్లుడై నా ఇంట్లోనే ఉన్నాడు. కానీ ఆరోజు నుంచీ నా చేత్తో వాడికి ఒక్క ముద్ద వడ్డించలేదు. వాడి కంచంలో పెట్టేది మాధవే.

నా కొడుకు శవం దొరకలేదు. నెల్లాళ్ళు చూసి, పెద్దవాడు గనక బోటు నడిపే సరంగు అప్పయ్య మావయ్య దర్భలతో మనిషి బొమ్మ కట్టించి, రేవులో దహనం చేయించి, కర్మ జరిపించాడు. ఆఖర్న విస్తరాకులో పిండం, వాడికిష్టమైన చింతకాయ రొయ్యలు పెట్టి, గట్టున ఉంచి మేమంతా దూరంగా జరిగాం. కాకి ముట్టాలి. ముడితేనే పోయినవాడు తృప్తిగా వెళ్ళాడని లెక్క. కాకులు బోటు కర్రల మీద బారుగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగలేదు. గంటయింది. ఎండ నడినెత్తికొచ్చింది. వాడికేదో కోరిక మిగిలిపోయిందిరా, తలా ఒక మాట ఇవ్వండి అన్నాడు అప్పయ్య మావయ్య. మాధవిని బాగా చూసుకుంటామన్నారు. దిగలేదు. అమ్మని కనిపెట్టుకుని ఉంటామన్నారు. దిగలేదు.

నాకు ఏడుపూ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆకు ముందుకి వెళ్ళి అరిచాను. "ఒరే, నీ బాధేంటో నాకు తెలుసురా! మనవాళ్ళు ఒక్క ఆట గెలిచేదాకా మ్యాచ్ రోజున నీ కంచం నీకే పెడతాను. గోల్‌లో నీ చోటు నీదే. సరేనా?"

మాట పూర్తి కాకుండానే ఒక కాకి దిగింది. రొయ్యని ముక్కున కరుచుకుని సముద్రం వైపు ఎగిరిపోయింది. అందరూ హమ్మయ్య అన్నారు. అప్పయ్య మావయ్య ఒక్కడే మొహం చిట్లించాడు.

"ఏం మాటిచ్చావే మహాలక్ష్మీ? జరిగే పని చెప్పాలి గానీ. ఆ జట్టు గెలిచేదెప్పుడు, నీ మాట తీరేదెప్పుడు?"

"గెలవకేం!" అన్నాను రోషంగా.

"మాట తీరనంతకాలం పోయినవాడు ఇక్కడే తచ్చాడతాడే పిచ్చిదానా," అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. నిజం చెబుతున్నాను, ఆ మాటకి నాకు భయం వెయ్యలేదు. ఆశ పుట్టింది.

మాటిచ్చాను గనక ఆ తర్వాతి మ్యాచ్ రోజున వెనక వసారా గదిలో వాడి పీట వేసి, కంచం పెట్టి, గ్లాసులో నీళ్ళు పోసి, తలుపుకి గొళ్ళెం పెట్టి గ్రౌండుకి వెళ్ళాను. పోయినవాళ్ళకి పెట్టేది ముందు మనం రుచి చూడకూడదు. వాళ్ళు తినేటప్పుడు అటు చూడకూడదు. ఇవి మా అత్తగారు నేర్పిన పద్ధతులు. ఆరోజు అవనిగడ్డ వాళ్ళ చేతిలో నాలుగు గోల్స్‌తో ఓడాం. తిట్టుకుంటూ ఇంటికొచ్చి గొళ్ళెం తీశాను.

కంచం ఖాళీగా ఉంది. అంచు చుట్టూ రొయ్య తోకలు వరసగా పేర్చి ఉన్నాయి. గ్లాసు బోర్లించి ఉంది. పీట ముందు గచ్చు తడిగా ఉంది.

పిల్లి అనుకుందాం. పిల్లి తోకలు పేరుస్తుందా? గ్లాసు బోర్లిస్తుందా? నేను ఆ తడి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. వేలు నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆ కంచం మాత్రం నేనే కడిగాను.

అప్పట్నుంచి ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే నా పని. చేపలు అమ్ముతున్నా, బుట్ట తలకెత్తుకుని వీధులు తిరుగుతున్నా, మనసు మాత్రం ఆ కంచం మీదే. పచ్చి చింతకాయలు దొరకని నెలల్లో ఊరేసిన చింతతొక్కుతో వండాను. జట్టుకి కూడా దండిగా వండాను. పండుగప్ప పులుసు, రొయ్యల వేపుడు, గారెలు, గడ్డపెరుగు. "అక్కయ్యగారూ, మ్యాచ్ రోజు ఇంత పెడితే వీళ్ళు పరిగెత్తలేరండీ," అని సుందరరాజు మాస్టారు మొత్తుకునేవారు. "పరిగెత్తాలంటే బలం ఉండొద్దా అండీ మాస్టారూ?" అని ఇంకో గరిటె వేసేదాన్ని. వాళ్ళు పొట్టలు నిమురుకుంటూ వెళ్ళేవాళ్ళు. ప్రేమతో పెడుతున్నాననుకున్నారు పిచ్చినాగన్నలు. గెలిస్తే నా కొడుకు మళ్ళీ రాడని నేను పెడుతున్నాను.

అలా పదకొండు మ్యాచ్‌లు ఓడాం. పదకొండుసార్లు నా కొడుకు వచ్చి తిన్నాడు.

ఇక గోపీ సంగతి. మావాడి తర్వాత గోల్‌లో నిలబడింది వాడే. మొదటి మ్యాచ్ నుంచే వాడిలో ఏదో తేడా కనబడింది. బాల్ కుడివైపు వస్తుంటే కుడివైపు దూకబోయి, ఎవరో అడ్డం వచ్చినట్టు ఆగిపోయేవాడు. ఒక్కోసారి ఏమీ లేని చోట ఢీకొని వెనక్కి పడేవాడు. జనం పకపకా నవ్వేవాళ్ళు. ఆట అయ్యేసరికి వాడి బనీను పిండితే నీళ్ళు కారేవి. చెమట అనుకున్నారు. కళ్ళాపి చల్లినా నీళ్ళు నిలవని ఆ గ్రౌండులో, గోల్ కర్రల మధ్య మాత్రం బురద అయ్యేది. వెనకాల మావాడి వల తడిసి కిందికి వేలాడేది.

"అత్తా," అన్నాడు ఒకరోజు, నేను చేపల బుట్ట కడుగుతుంటే దగ్గరికొచ్చి. "గోల్‌లో బావ ఉంటున్నాడు."

"నోరు ముయ్యి," అన్నాను.

"ఒట్టు అత్తా. నేను కదిలే చోట ముందే ఉంటాడు. బాల్ కోసం చేతులు చాపుతాడు. బాల్ ఆ చేతుల్లోంచి వెళ్ళిపోద్ది. నన్నేమో పట్టనివ్వడు."

"వాడి చోట్లో నిలబడటానికి నీకు దమ్ము లేదని చెప్పు. వాడి మీద పెట్టకు," అన్నాను. ఎంత మాట అన్నానో నాకు తెలుసు. వాడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. గోల్‌కీపింగ్ మానెయ్యమని మాస్టారు చెప్పినా మానలేదు. అత్త మాటకి పంతమో, బావ దగ్గర ఉండాలనో, నాకిప్పటికీ తెలియదు.

జనవరిలో గుడివాడలో మ్యాచ్ పడింది. మాధవికి ఐదో నెల, ప్రయాణం వద్దని ఇంట్లో ఉంచి, కంచం పెట్టి గొళ్ళెం వేసి, నేనూ టెంపోలో జట్టుతో వెళ్ళాను. అక్కడ గ్రౌండంతా ఎర్ర కంకర, తడి అన్నమాటే లేదు. మొదటి సగం బ్రహ్మాండంగా ఆడారు. గోపీ మూడు బాల్స్ ఆపాడు. రెండో సగం మొదలైన కాసేపటికి వాడి కాళ్ళ కింద కంకర నల్లబడటం నేను నా కళ్ళతో చూశాను. వరసగా ఐదు గోల్స్ పడ్డాయి. ఆఖరి గోల్‌కి గోపీ బోర్లా పడి లేవలేదు. తిప్పి పడుకోబెడితే నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. దోసెడు నీళ్ళు. వాటిలో ఇసక ఉంది.

"ఇదేంటండీ, నీళ్ళలో పడ్డవాడిలాగా..." అని మాస్టారు నా మొహంలోకి చూశారు. నేను చూపు తిప్పుకున్నాను.

డాక్టరు గారు చెస్టు చూసి ఏమీ లేదన్నారు. వాడు రెండ్రోజులు దుప్పటి కింద వణికాడు. మూడోరోజు పొద్దున నేను చింతకాయలు ఉడకబెడుతుంటే మాధవి వచ్చి పొయ్యి ముందు నిలబడింది. ఆదివారం మళ్ళీ గుడివాడ వాళ్ళతోనే మ్యాచ్, ఈసారి మన గ్రౌండులో.

"అన్నయ్య వస్తున్నాడు కదూ?" అంది.

నేను పొయ్యిలోకి పుల్ల ఎగదోశాను.

"మొన్న నేను ఇంట్లోనే ఉన్నానమ్మా. నాలుగింటికి వెనక గదిలో పీట జరిగింది. తింటున్న చప్పుడు. గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగూ ముప్పయ్యయిదుకి గ్లాసు బోర్లించిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. అక్కడ గోల్స్ పడటం ఎప్పుడు మొదలైందే?"

"రెండో సగంలో," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకే తట్టింది. ఏ మ్యాచ్‌లోనూ మొదటి సగంలో గోల్ పడలేదు. తిన్నంతసేపూ తింటాడు. గ్లాసు బోర్లించి గోల్‌లోకి వెళతాడు. నీ చోటు నీదే అని మాటిచ్చింది నేనే కదా. వాడికేం తెలుసు, వాడి చేతులకి బాల్ ఆగదని. వాడు నిలబడినంతకాలం జట్టు గెలవదు, జట్టు గెలిచేదాకా వాడు నిలబడక తప్పదు.

మాధవి పొట్ట మీద చెయ్యి వేసుకుని ఏడుస్తోంది. "అన్నయ్యకి అన్నం పెట్టు, వద్దనను. నా మొగుణ్ణి మాత్రం పెట్టకే అమ్మా."

ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. ఉన్నవాణ్ణి కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచుతూ లేనివాడికి వండుకుంటున్నాను. గోపీ ఒక్కడే తిరిగొచ్చాడన్న కక్ష నాలో ఇంకా ఉంది. లేదని దేవుడి ముందు కూడా అనలేను. ఆదివారం దాకా నాకు ముద్ద దిగలేదు. గోపీని గోల్‌లో నిలబడొద్దంటే వినడు. కంచం పెట్టడం మానేస్తే మాట తప్పినట్టు, ఆకలి మీద నేరుగా గోల్‌లోకే వెళతాడు. ఆలోచించి ఆలోచించి ఒక్క దారి కనబడింది. వాడు తింటున్నంతసేపూ గోల్‌లోకి వెళ్ళడు. అయితే ఆట అయ్యేదాకా తింటూనే ఉండాలి.

ఆదివారం జట్టుకి పెరుగన్నం, తలా ఒక అరటిపండు పెట్టాను. ధనరాజని, ముందు ఆడే కుర్రాడు, విస్తరాకు చూసి గుడ్లు తేలేశాడు.

"ఏంటి పిన్నీ, ఇవాళ మాకు పథ్యమా?"

"నోర్మూసుకుని తిని, గోల్ కొట్టి చావు," అన్నాను. వాడు అరటిపండు తొక్క తీస్తూ నవ్వాడు. గోపీ కళ్ళు లోతుకు పోయి, దవడలు బయటపడి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మాధవి వాడికి కలిపి పెట్టింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి నావైపు చూశాడు. ఏమన్నా అంటానేమోనని ఆగాడు. నేను అనలేకపోయాను.

మూడున్నరకి ఇల్లు ఖాళీ అయింది. మాధవి కూడా గ్రౌండుకి వెళ్ళింది. నేను రెండు కిలోల రొయ్యలు కుండ నిండా వండాను. వండుతున్నంతసేపూ నా చెవులు గ్రౌండు వైపే ఉన్నాయి. పద్ధతి ప్రకారం రుచి చూడలేదు. కుండా, అన్నం గిన్నే, నీళ్ళ చెంబూ వెనక గదిలోకి చేర్చాను. పీట వేశాను. కంచం పెట్టాను. ఈసారి బయటికి వెళ్ళి గొళ్ళెం పెట్టలేదు. తలుపు లోపలి నుంచి మూసి, పీటకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాను. చూడకూడదన్నారు గానీ దగ్గర ఉండకూడదని ఎవరూ అనలేదు కదా.

బయట ఎండ ఇంకా తెల్లగా ఉంది. కిటికీలోంచి గోడ మీద పడుతోంది. నాలుగింటికి రిఫరీ ఈల వినబడింది.

గదిలో చల్లబడింది. తడి వల వాసన వచ్చింది. నా వెనకాల పీట గచ్చు మీద కొంచెం జరిగింది. తర్వాత అన్నం కలుపుతున్న చప్పుడు.

పుట్టినప్పటి నుంచీ చేత్తో ఎత్తుకున్న బిడ్డ, వాడికి నేను భయపడటమేంటి? అయినా భయం వేసింది. పళ్ళు గిట్టకరుచుకుని కూర్చున్నాను. రొయ్య తోక కంచం అంచున పెట్టిన చప్పుడు, టిక్ మని. కాసేపటికి ఇంకోటి. కంచం గోకిన చప్పుడు కాగానే, తల తిప్పకుండా, చెయ్యి వెనక్కి చాపి ఒక గరిటె అన్నం, ఒక గరిటె కూర వడ్డించాను. "తిను నాయనా. బోలెడుంది," అన్నాను.

అలా వడ్డిస్తూనే ఉన్నాను. భుజం లాగేస్తోంది. బయట జనం గోల పెరుగుతోంది, తగ్గుతోంది. మొదటి సగం అయినట్టు ఈల వేశారు. వెనకాల గ్లాసు లేచిన చప్పుడు.

"ఆగరా! గ్లాసు పెట్టెయ్. అమ్మ ఇంకా వడ్డించలేదు," అని గబగబా మూడు గరిటెలు ఒక్కసారే వేశాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత గ్లాసు నెమ్మదిగా కింద ఆనింది, బోర్లించినట్టు కాదు, మామూలుగా. మళ్ళీ అన్నం కలుపుతున్న చప్పుడు.

రెండో సగం మొదలైంది. కాసేపటికి కుండ అడుగు గరిటెకి తగలసాగింది. ఇంకో ఇరవై నిమిషాలుంటుంది ఆట. గరిటెకి నాలుగు రొయ్యల చొప్పున వేసేదాన్ని రెండుకి తగ్గించాను. తర్వాత ఒకటి. వాడు నెమ్మదిగా తినేలా మాటల్లో పెట్టాలనిపించింది. మాట్లాడటం మొదలుపెడితే, అనుకోని మాటలు వచ్చాయి.

"ఒరే, గోపీ నిన్ను వదిలేసి రాలేదురా. మూడుసార్లు దూకాడట. బోటువాళ్ళు ఆరోజే చెప్పారు. నేనే నమ్మదల్చుకోలేదు. ఎవరో ఒకళ్ళ మీద పడి ఏడవకపోతే నాకు ఊపిరి ఆడేది కాదు. వాడికి నా చేత్తో అన్నం పెట్టి పద్నాలుగు నెలలైందిరా. నీ చెల్లెలికి ఐదో నెల. ఆ పిల్ల నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది." ముక్కు చీదుకున్నాను. "నీ చోటు నీదే అన్నాను. తప్పు నాదే. నువ్వు రావాలని ప్రతి ఆటా ఓడిపోవాలని కోరుకున్నాను. ఇక నావల్ల కాదు నాయనా. వాడికి ఇచ్చెయ్."

చప్పుడు ఆగిపోయింది.

కుండలో ఒక్కటే రొయ్య మిగిలింది. దాన్ని గరిటెలోకి తీసి చెయ్యి వెనక్కి చాపాను. గరిటె కంచం దాకా వెళ్ళలేదు. మధ్యలో ఒక అరచెయ్యి అడ్డం వచ్చింది. చాలు అన్నప్పుడు కంచం మీద పెట్టే చెయ్యి. గరిటె కాడ మీదుగా నీళ్ళు నా మణికట్టు దాకా కారాయి. మంచులాంటి నీళ్ళు.

"ఒక్కటేరా. ఇది ఒక్కటే," అన్నాను. ఏడుస్తున్నాను. వాడు చెయ్యి తియ్యలేదు. గరిటె వంగి రొయ్య కంచం అంచున పడిన చప్పుడు వినబడింది.

ఇక లేచి వెళతాడు. గ్లాసు బోర్లిస్తాడు. గోపీ పని అయిపోయింది. నేను కళ్ళు మూసుకుని గ్లాసు చప్పుడు కోసం చూస్తున్నాను. అది రాలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఒక్కసారిగా గ్రౌండు నుంచి గోల లేచింది. ఊరు ఊరంతా అరిచినంత గోల. ఎవరు కొట్టారో, ఎవరికి పడిందో ఆ అరుపుల్లో తెలియడం లేదు. తర్వాత పొడవాటి ఈల. ఆ వెంటనే టపాకాయలు.

అవి మావాళ్ళు ఎప్పుడో మూడేళ్ళ కిందట కొని దాచుకున్న టపాకాయలు. సగం పేలలేదు.

అప్పుడు వెనక్కి తిరిగాను. గది వెచ్చగా ఉంది. పీట ఖాళీ. కంచం చుట్టూ తోకలు వరసగా, ఒకదాని పక్కన ఒకటి, రెండు వరసలు. ఆఖరి రొయ్య ఒక్కటీ తినకుండా ఉంది. గ్లాసు బోర్లించి లేదు. గచ్చు మీద చుక్క తడి లేదు. ఆ తర్వాత ఎన్ని మ్యాచ్‌లు జరిగినా వాడు మళ్ళీ రాలేదు.

పిల్లలు కంచంలో వదిలేసింది తల్లులే కదా తినేది. ఆ రొయ్యని తీసి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు. కూర మొత్తానికి ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. కుండెడు చప్పిడి కూర గంటన్నరసేపు పెట్టాను. చిటికెడు తగ్గితే కంచం నెట్టేసేవాడు, ఒక్క మాట అనకుండా తిన్నాడు. ఆ కంచం ఒళ్ళో పెట్టుకుని గట్టిగా, పెద్దగా ఏడ్చాను. వాడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

వీధిలో డప్పులు దగ్గరికొచ్చాయి. మాధవి ముందు పరిగెత్తుకొచ్చింది, ఐదో నెలని కూడా చూసుకోకుండా. "ఒక గోల్‌తో గెలిచామే! ధనరాజు కొట్టాడు. ఈయన అన్నీ ఆపాడే అమ్మా, అన్నీ!" అంటూ నా మొహం చూసి ఆగిపోయింది. ఖాళీ కుండ చూసింది. ఏమీ అడగకుండా నా పక్కన కూర్చుని నా భుజం మీద తల పెట్టింది.

గోపీ గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటినిండా దుమ్ము. మట్టి మరకలు పొడిగా రాలుతున్నాయి. బనీను తడిగా లేదు. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు చూస్తున్నాడు.

"అత్తా... ఇవాళ బావ లేడు," అన్నాడు.

"తెలుసు," అన్నాను. "తిన్నావా?"

"ఆకలేస్తోంది."

లేచి మొహం కడుక్కున్నాను. రొయ్యలు లేవు. డబ్బాలో ఎండు మెత్తళ్ళు ఉంటే వేయించి, నాలుగు చింతకాయలు మిగిలితే వాటితో గబగబా కూర దగ్గరికి చేశాను. అన్నం వార్చాను. మాధవి కంచం అందుకోబోతే నేను తీసుకున్నాను. గోపీ ఎప్పట్లాగే గుమ్మం పక్కన చాప మీద కూర్చోబోయాడు.

"అక్కడ కాదు. ఇలా వచ్చి ఈ పీట మీద కూర్చో," అన్నాను.

వాడు పీటవైపు చూసి, నావైపు చూశాడు. "అది బావ..."

"కూర్చోరా. ఎన్నిసార్లు చెప్పాలి?"

కూర్చున్నాడు. నా చేత్తో అన్నం పెట్టాను, కూర వేశాను. పద్నాలుగు నెలల తర్వాత. వాడికి ముద్ద సరిగా కలవడం లేదు. ఎదురుగా కూర్చుని, వాడు ఆ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూశాను.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను.

"కొంచెం తక్కువైంది అత్తా," అన్నాడు భయపడుతూ.

ఉప్పు డబ్బా తేవడానికి లేచాను.